ఆపి చెప్పిన కొలత

మా పెదనాయన ఆంజనప్ప పోయిన రోజు ధర్మవరంలో మా వీధి వీధంతా మగ్గాలు ఆపి వచ్చింది. వచ్చినవాళ్లంతా మంచివాడన్నారు. నేను మాత్రం అనలేదు. ఊరికి ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆ మంచితనంలో కన్నకూతురికి వాటా పెట్టలేదు. ఆ కూతురి పేరు ఈశ్వరి. నాకంటే నాలుగేళ్లు పెద్దది. మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఇది ఆమె కథ. ఆమెను వెనకేసుకొచ్చి రాయడం లేదు, ఆమె చేసింది తప్పే. కానీ ఆ తప్పు ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పకపోతే నాకు మనసున పట్టదు.

మా పెద్దవాళ్లది పట్టుకు రంగులు వేసే పని. ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో రెండు పొయ్యిలు, వాటి మీద రాగి అండాలు. నేతగాళ్లు పట్టు చిలపలు, అంటే దారం చుట్టలు, తెచ్చి ఇస్తే, జిగురు పోయేదాకా సబ్బునీళ్లలో ఉడకబెట్టి, అడిగిన రంగు ముంచి, నీడలో ఆరేసి ఇవ్వాలి. ఊళ్లో ఆ పని చేసే ఇళ్లు చాలానే ఉన్నాయి. మా ఇంటికి పేరు తెచ్చింది ఒకే ఒక రంగు. తాంబూలం వేసుకున్న నోటి ఎరుపు. దాన్ని అందరూ తాంబూలం ఎరుపు అనేవాళ్లు. పెండ్లి చీర అంచుకు ఆ ఎరుపే కావాలని కదిరి నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు. మీగడ రంగు చీరకు ఆ అంచు నేస్తే, ఎన్నిసార్లు తడిసినా ఎరుపు అంచు దాటి ఒక్క పోగు కూడా లోపలికి దిగేది కాదు.

ఆ ఎరుపు కొలత ఏ కాగితం మీదా ఉండేది కాదు. ఇంటి మగపిల్లలకు నోటితో చెప్పేవాళ్లు. ఆడపిల్లకు చెబితే అత్తగారింటికి మోసుకుపోతుందని భయం. ఇంకో నియమం కూడా ఉండేది. బయటివాళ్లు ఎవరైనా కొలత అడిగితే చెప్పం పొమ్మనకూడదు. అన్నీ చెప్పాలి. ఏ పొడి ఎంత, నీళ్లెన్ని, మంట ఎంతసేపు, అన్నీ నిజమే చెప్పాలి. చివరి పని ఒక్కటి ఆపేయాలి. అది చేయకపోయినా రంగు అచ్చం అట్లాగే కనిపిస్తుంది. తడిసినప్పుడు గానీ బయటపడదు. అప్పటికి అడిగినవాడు తన చేతినే తిట్టుకుంటాడు గానీ మమ్మల్ని అనుమానించడు. మా తాత దీన్ని తెలివి అనేవాడు. నేను బడిపంతులమ్మను, నాకు దానికి వేరే పేరు తెలుసు.

ఆ చివరి పని ఏమిటో మా ఇంటి ఆడవాళ్లెవరికీ తెలియదు. ఆ పని చేసేటప్పుడు పెదనాయన కొట్టం తలుపు మూసుకునేవాడు.

మంజునాథ్ మా ఇంటికి రావడం మొదలుపెట్టింది తొంభై ఒకటిలో. హిందూపురంలో వాళ్ల నాన్న పట్టుగూళ్లు ఉడికించి దారం తీయించేవాడు. ఆ దారం మూటలు కట్టుకుని మంజునాథ్ ప్రతి మంగళవారం, శుక్రవారం ప్యాసింజర్‌లో ధర్మవరం వచ్చేవాడు. అప్పుడప్పుడూ ఒక గోనెసంచి నిండా చింతగింజలు కూడా తెచ్చేవాడు. హిందూపురంలో చింతపండు మండీలు ఉన్నాయి కదా, గింజలు దండిగా దొరుకుతాయి. పెనుకొండలో మా చుట్టాల పశువులకు దాణా అని చెప్పి పెదనాయన తెప్పించుకునేవాడు. స్టేషన్ నుంచి ఆ సంచిని భుజాన వేసుకుని చెమటలు కక్కుతూ వచ్చేవాడు మంజునాథ్. మా వీధిలో పిల్లలు అతనికి గింజలబ్బి అని పేరు పెట్టారు.

ఈశ్వరక్కకు అప్పుడు పందొమ్మిదేళ్లు. మూటలు దించుకోవడం, చిలపలు లెక్క చూసుకోవడం ఆమె పని. ఆ లెక్క ఎప్పుడూ ఒకసారికి తేలేది కాదు. మళ్లీ మొదటి నుంచీ ఎంచేవాళ్లు ఇద్దరూ. వేసిన ప్రతి రంగులోనూ జానెడు దారం తెంపి అక్క అతనికి ఇచ్చేది, అతను దాన్ని తన సంచి పట్టీకి ముడివేసుకునేవాడు. రెండేళ్లకు ఆ పట్టీ పెండ్లి పందిరిలాగా తయారైంది. నేను ఎగతాళి చేస్తే అక్క నా జడ పట్టుకుని గుంజేది. ఆమె ముఖం అంత వెలిగిపోవడం మళ్లీ చాలా ఏళ్ల దాకా నేను చూడలేదు.

తొంభై మూడులో మంజునాథ్ వాళ్ల నాన్న పిల్లనడగడానికి వచ్చాడు. కులం ఒకటే. జాతకాలు కుదిరాయి. పెదనాయన భోజనం పెట్టి, ఆకూ వక్కా ఇచ్చి, కుదరదన్నాడు. కారణం ఏమిటంటే మంజునాథ్ చిన్నాన్న ఆ ఏడాదే హిందూపురంలో ఒక రంగుల కొట్టం తెరిచాడు. ఇంటి ఎరుపు ఆ ఇంటికి పోతుందని పెదనాయన భయం. పిల్లకు కొలత తెలియదు కదా అని వాళ్లు అన్నారు.

"కొలత తెలీదప్పా. కండ్లుండాయి గదా," అన్నాడు పెదనాయన.

మూడు నెలల్లో అక్కను పెనుకొండలో ఎస్టీడీ బూత్ నడిపే ఒకతనికి ఇచ్చి చేశారు. ఆ ఇంట్లో, ఆ వీధిలో, చివరికి ఆ చుట్టరికంలో కూడా రంగులు వేసేవాళ్లు ఎవరూ లేరు. పెదనాయన సంబంధం వెతికింది ఆ ఒక్క గుణం చూసి. ఆ భర్త చెడ్డవాడు కాదు. అట్లాగని అక్క గురించి అతనికి ఏమీ తెలియదు కూడా. వాళ్ల మేడ మీద నుంచి రైలు పట్టాలు కనిపించేవి. మంజునాథ్ ఎక్కిన ప్యాసింజర్ పెనుకొండ మీదుగానే ధర్మవరం రావాలి. మంగళ, శుక్రవారాల్లో తాను మేడ ఎక్కేదాన్ని కాదని, ఆ రెండు రోజులూ బట్టలు ఇంట్లోనే ఆరేసుకునేదాన్నని తర్వాతెప్పుడో నాతో చెప్పింది. ఆరేళ్లు అట్లా ఆరేసుకుంది.

తొంభై తొమ్మిదిలో బెంగళూరు రోడ్డు మీద లారీ తగిలి ఆ భర్త పోయాడు. పిల్లలు లేరు. అక్క ఒక ట్రంకు పెట్టెతో ధర్మవరం తిరిగొచ్చింది. పెద్దమ్మ అప్పటికే లేదు. మరుసటి ఏడు పెదనాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. పెదనాయన కొడుకు తిప్పన్నకు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం. చేతులకు రంగంటితే ఆఫీసులో నవ్వుతారని అతను కొట్టం గడప కూడా తొక్కేవాడు కాదు. అప్పుడు ఇక దారి లేక పెదనాయన కూతుర్ని మంచం దగ్గరికి పిలిచి తాంబూలం ఎరుపు కొలత చెప్పాడు.

అక్క గోడ దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చింది. "వాణీ, నాయన నాకి చెప్పినాడే," అంది. గోడకు తల ఆనించి ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆ నెల తిరక్కముందే పెదనాయన పోయాడు. ఆ తర్వాత అక్క సొంతంగా వేసిన మొదటి ఎరుపు తడిసీ తడవకముందే దిగిపోయింది. మళ్లీ వేసింది, మళ్లీ దిగింది. తన చేతినే తిట్టుకుంది. ఏడాదిపాటు ఎరుపు జోలికి పోకుండా పచ్చలు, నీలాలు వేసి కొట్టం నెట్టుకొచ్చింది. ఆంజనప్పతోనే ఆ రంగు పోయిందని ఊరు అనుకుంది.

ఒకరోజు అటక దులుపుతుంటే ఒక గోనెసంచి దొరికింది. సగం చింతగింజలు, సగం గింజల మీది పొట్టు. పక్కన చిన్న రోలు. రోలు అంచున ఎండిపోయిన ఎరుపు. అక్క చాలాసేపు అక్కడే కూర్చుంది. పెనుకొండలో ఆరేళ్లు కాపురం చేసింది కదా, అక్కడ మాకు పశువులున్న చుట్టాలెవరూ లేరని ఆమెకు తెలుసు. ఆ మధ్యాహ్నమే గింజల పొట్టును మరగకాచి, ఎరుపు వేసిన చిలపను ఆ కషాయంలో ఒక పూట నానబెట్టింది. ఉతికి చూసింది. నీళ్లు తెల్లగా ఉన్నాయి.

ఈసారి గోడ దగ్గరికి వచ్చినప్పుడు ఏడవలేదు, నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. "నాయన నాకి గూడా ఆపే చెప్పినాడే," అంది. "చచ్చిపోయే మనిషి, నన్ను బయటిదాన్నే అనుకున్యాడు."

ఆ మాట ఆమె తర్వాత ఎన్నిసార్లు అందో లెక్క లేదు. అన్నం తింటూ అనేది, చిలపలు పిండుతూ అనేది. ఆ మాటను అంతగా నమిలిన మనిషి, అదే పని ఇంకొకరికి చేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

తాంబూలం ఎరుపు తిరిగొచ్చిందని తెలిసి నేతగాళ్లు మళ్లీ వరసకట్టారు. ఈశ్వరి చెయ్యి ఆంజనప్ప చెయ్యే అన్నారు. మొన్నటిదాకా ఎదురొస్తే పక్కకు తప్పుకున్నవాళ్లు కూడా, ఈశ్వరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు.

మంజునాథ్ మళ్లీ వచ్చింది రెండువేల ఐదులో. చైనా పట్టు వచ్చి హిందూపురంలో దారం తీసేవాళ్లను ముంచేసింది. వాళ్ల కొట్టం మూతపడింది, నాన్న పోయాడు. అతని పెండ్లి కూడా నిలవలేదు. గౌరిబిదనూరు పిల్లను చేసుకుంటే, రెండేళ్లకే ఇద్దరూ పెద్దమనుషుల ముందర కాగితం రాసుకుని విడిపోయారు. తమను ముంచిన ఆ చైనా పట్టునే ఇప్పుడు బెంగళూరు నుంచి తెచ్చి ధర్మవరంలో అమ్ముతున్నాడు. తల సగం నెరిసింది. భుజాన ఉన్న సంచి కొత్తది, దానికి ఆ పాత పట్టీనే కుట్టించుకున్నాడు. రంగులు వెలిసిన ఆ ముడులను అక్క కళ్లతోనే ఒక్కొక్కటీ ఎంచింది. మాట కలపాలని అతనే నవ్వాడు.

"ఈ తూరి గింజలు తేలేదు. పెనుకొండలో మీ పశువులు బాగుండాయా?"

"అమ్మేసినారు," అంది అక్క.

నేను అక్కడే ఉన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూశాను. చిన్న మాటే కదా అని వదిలేశాను.

ఆ తర్వాత అతను దాదాపు రోజూ వచ్చేవాడు. పొద్దున ప్యాసింజర్‌లో దిగి, పట్టు ఇచ్చేవాళ్లకు ఇచ్చి, పదింటికల్లా కొట్టంలో ఉండేవాడు. నీళ్లు తోడేవాడు, కట్టెలు సర్దేవాడు, వెదురు కర్రల మీద చిలపలు తిప్పేవాడు. అక్కకు ముప్పై మూడేళ్లు, తలలో పూలు పెట్టుకోవడం మానేసి చాలా కాలమైంది. ఒకరోజు చెవి వెనక ఒక కనకాంబరం కనిపించింది. నేను చూసీ చూడనట్టు ఉండాలనుకున్నాను గానీ నవ్వు ఆగలేదు. వాళ్లిద్దరూ కొట్టంలో పోట్లాడుకునేవాళ్లు కూడా. మంట ఎక్కువైందని ఆమె, కాలేదని అతను. ఆ పోట్లాట వింటుంటే నాకు కడుపు నిండినట్టుండేది. నేను అతన్ని బావా అని పిలవడం మొదలుపెట్టాను.

ఊరు నాలుగు మాటలు అంది, ఇద్దరూ పట్టించుకోలేదు. రెండువేల ఆరు ఉగాదికి తిప్పన్నను పిలిచి మాట్లాడారు. అతను సరేనన్నాడు. శ్రావణంలో కదిరి నరసింహస్వామి గుడిలో పెండ్లి అనుకున్నారు. పెండ్లయ్యాక మంజునాథ్ ధర్మవరంలోనే ఉంటాడు, ఇద్దరూ కలిసి కొట్టం నడుపుకుంటారు.

ఉగాది తర్వాత ఒక మధ్యాహ్నం అక్క అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టి తాంబూలం ఎరుపు కొలత చెప్పింది. అతను అడగలేదు. అది మాత్రం నేను ఎక్కడైనా చెబుతాను, అతను ఏనాడూ అడగలేదు. ఆమే వేళ్లు మడుస్తూ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. ఏ పొడి ఎంత, యాసిడ్ ఎప్పుడు, ఎన్ని పొంగులు రావాలి. అతను బడిపిల్లాడిలా తిరిగి అప్పజెప్పాడు. అండా దించేదాకా వచ్చి ఆమె ఆగింది.

"అంతే," అంది.

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నా వైపు తిరగలేదు. నేనూ నోరు విప్పలేదు. అతను సాయంత్రం రైలుకు పోయాక అడిగాను, ఇదేం పనక్కా అని. అప్పటికే ఆమె తలుపు మూసి గింజల పొట్టు మరగబెడుతోంది. రోజూ అతను వెళ్లాకే ఆ పని చేసేది.

"చెప్పాలనే కూచున్యానే. నోరు దానంతటదే ఆగిపోయె," అంది. "తాళి కట్టనీ. ఆ పొద్దే చెప్తా."

నాకు కోపం వచ్చింది. అయినా ఆ కోపాన్ని ఇంట్లో పెట్టుకుని పడుకున్నాను. మా ఇంటి ఆడవాళ్లకు ఇంకేం చేతనవుతుంది?

ఆ వేసవిలో మా జిల్లాను చికున్‌గున్యా పట్టుకుంది. ఇంటికి ఇద్దరు చొప్పున మంచాన పడ్డారు. అక్కకు మోకాళ్లు, మణికట్లు బిగుసుకుపోయి గ్లాసు కూడా ఎత్తలేకపోయింది. అదే సమయంలో పోతులయ్యకు పెండ్లి చీరల అంచులకు ఎరుపు కావలసి వచ్చింది. పోతులయ్య ఇరవై మగ్గాలు నేయించే మనిషి, పెదనాయన కాలం నుంచీ మా దగ్గరే రంగు వేయిస్తాడు. మంజునాథ్ ఆమెను కదిలించకుండా ఒక్కడే పొయ్యి వెలిగించి, చెప్పిన కొలత చెప్పినట్టు వేశాడు. ఆరిన చిలపల్లోంచి ఒకటి తెచ్చి మంచం మీద ఆమె చేతికిచ్చాడు. రంగు అచ్చం తాంబూలమే. అతని ముఖం చూడాలి అప్పుడు, మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లాడి ముఖం.

"బాగుండాది," అంది అక్క. "ఈడే ఉండనీ. నేను లేసినాక ఇద్దాం."

"యాడుండాయి ఇంగ? పోతులయ్య ఎత్తకపోయినాడు. ముహూర్తం దగ్గరుండాదంట," అన్నాడు.

అక్క కళ్లు మూసుకుంది. జ్వరమనుకున్నాడు అతను. ఆ క్షణాన ఒక్క మాట చెప్పి ఉంటే, నేను పరుగెత్తి ఆ చిలపలు తెచ్చేదాన్ని. చెప్పలేదు. నేనూ పోలేదు.

నెల తిరిగేసరికి పోతులయ్య ఒక చీర చంకన పెట్టుకుని వచ్చాడు. అక్క అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. అతను మాట్లాడకుండా చీరను వసారాలో పరిచాడు. నేత పూర్తయ్యాక గంజి చల్లి ఆరేస్తే, అంచులోని ఎరుపు మీగడ రంగులోకి జానెడు మేర పాకింది. ఇంకో రెండు చీరలు కూడా ఇట్లాగే అయ్యాయని, పెండ్లివాళ్లు ఇంటి ముందర కూర్చున్నారని చెప్పాడు. వీధిలోవాళ్లు గడప దగ్గర గుమిగూడారు.

ఎవరు వేశారని పోతులయ్య అడిగాడు. మంజునాథ్ ముందుకొచ్చాడు.

"నేనేనప్పా వేసింది. ఈశ్వరి చెప్పినట్లే వేసినా. యాడో నా చెయ్యే తప్పింటాది."

"హిందూపురం చెయ్యి మా రంగుకు పనికిరాదులేబ్బా," అన్నాడు పోతులయ్య, అందరూ వినేట్టు.

అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మంజునాథ్ ఆమె వైపు చూశాడు. ఆమె చీర వైపు చూస్తోంది. పోతులయ్య ముందర చెబితే ఇంటి గుట్టు బయటపడుతుంది, నిజమే. కానీ పోతులయ్య వెళ్లిపోయాక కూడా ఆమె చెప్పలేదు.

తర్వాత మూడు వారాలు ఆ మనిషి పడ్డ అవస్థ నేను చూశాను. కుళాయి నీళ్లు మార్చి బావి నీళ్లు పోశాడు. పొడి కొత్త డబ్బా తెచ్చాడు. మంట తగ్గించాడు, పెంచాడు. వేసిన ప్రతిసారీ తడిగుడ్డతో రుద్ది చూసేవాడు, గుడ్డ ఎర్రబడేది. వీధిలో అతను నడుస్తుంటే వెనక నుంచి హిందూపురం చెయ్యి అని నవ్వేవాళ్లు. ఒకరోజు విసిగిపోయి అక్కను అడిగేశాడు, ఇంకేమైనా ఉందా, నేను మరిచిపోయానా అని.

లేదు అంది ఆమె.

ఆ మాటకు నేను ఆగలేకపోయాను. అతను నీళ్లకు పోగానే ఆమె చెయ్యి పట్టుకుని, ఈపొద్దే చెప్పెయ్ అన్నాను. "ఇప్పుడెట్ల చెప్పల్లే? చెప్తే, ఇన్ని దినాలూ అబద్ధమాడినానని తెలుస్తాది గదా," అంది. పెండ్లికి పన్నెండు రోజులే ఉందని, తాళి కట్టాక నవ్వుతూ చెబితే తేలిపోతుందని అంది. నిజంగానే తేలిపోతుందని నమ్మింది పిచ్చిది. నేను అతనితో చెప్పేయవచ్చు. చెప్పడానికి రెండుసార్లు కొట్టం దాకా పోయాను కూడా. వాళ్లిద్దరి మధ్యకు నేనెందుకని తిరిగొచ్చాను. ఆ రెండుసార్లు తిరిగి రావడాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

ఆ ఆదివారం పెండ్లి ఏర్పాట్లు మాట్లాడాలని తిప్పన్న గుంతకల్లు నుంచి వచ్చాడు. మధ్యాహ్నం వసారాలో ఆకులు వేసి నేనే వడ్డించాను. తిప్పన్న, మంజునాథ్ ఎదురెదురుగా కూర్చున్నారు. అక్క తలుపు దగ్గర ఉంది. మాటల్లో పోతులయ్య చీరల సంగతి వచ్చింది. ఎంత చేసినా ఎరుపు నిలవడం లేదని మంజునాథ్ నవ్వుతూనే చెప్పాడు. తిప్పన్న పప్పు కలుపుకుంటున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"చింతగింజల పొట్టు కాచి పోయలేదా? నాయన నాకి ఎప్పుడో చెప్పినాడు. పనికొచ్చేది కాదని నేను మరిచేపోయింటి," అన్నాడు.

మంజునాథ్ చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. నేను అక్క వైపు చూశాను. ఆమెకు ఒకేసారి రెండు దెబ్బలు తగిలాయి. అక్కర్లేనివాడికి తండ్రి అంతా చెప్పాడని ఆమెకు తెలిసిన క్షణమే, తాను చేసింది మంజునాథ్‌కు తెలిసింది. తిప్పన్న మజ్జిగ అడిగాడు. నేను పోశాను.

మంజునాథ్ ఆకులో ఉన్నదంతా తిన్నాడు. పారేయడం వాళ్లింట్లో తప్పు. చెయ్యి కడుక్కుని కొట్టంలోకి పోయి తన సంచి తీసుకున్నాడు. అక్క వెనకే పోయింది. నేను గోడ దగ్గర నిలబడిపోయాను.

"నేనడిగినానా ఈశ్వరీ?" అన్నాడు. గొంతు పెంచలేదు. "నువ్వే కూచోబెట్టి చెప్పినావు. చెప్పననింటే సరిపోతాండె. నీళ్లు తోడేవాని మాదిరి సుమ్నె, ఏమీ అడక్కుండా, ఈ కొట్టంలో పడుండేవాన్ని."

"పెండ్లయినాక చెప్దామనుకున్యా," అంది అక్క.

"పోతులయ్య ముందర నా చెయ్యే తప్పనుకున్యా. ఈ ఇంటి పేరు చెడగొడతాండానే అనుకున్యా. నీ మొగం చూసినా. నువ్వు నా దిక్కు చూడల్యా."

తండ్రి తనకు చేసిందే కదా అని చెప్పుకోవచ్చు, చెప్పలేదు. అది చెప్పుకోకపోవడమే ఆ రోజు ఆమె చేసిన ఒక్క మంచి పని. అతను సాయంత్రం దాకా ఆగకుండా రెండు గంటల బస్సుకు వెళ్లిపోయాడు. శ్రావణం వచ్చింది, పోయింది. చైనా పట్టు మూటలు వేరే మనిషి తేవడం మొదలుపెట్టాడు.

అక్క పని ఆపలేదు. ఎరుపు వేస్తూనే ఉంది. ఊరికి కావలసింది ఎరుపే కదా. రెండువేల ఎనిమిదిలో నాకు హిందూపురంలో నాలుగు రోజుల ట్రైనింగ్ పడింది. పోయే ముందు రోజు అక్క ఒక క్యాలెండర్ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. వెనక తెల్లటి వైపు ఆమె రాత. పొడుల దగ్గర నుంచి గింజల పొట్టు దాకా, ఎంత పొట్టుకు ఎన్ని నీళ్లు, ఎంతసేపు నానాలి, అన్నీ ఉన్నాయి. మా ఇంట్లో ఆ కొలత కాగితం మీదికి ఎక్కడం అదే మొదలు.

"అతనికి ఇయ్యి. ఏమన్నాడో వచ్చి చెప్పు," అంది. ఆ కళ్లలో ఆశ చూసి నేను కాదనలేకపోయాను.

మంజునాథ్ పట్టు మార్కెట్ వెనక ఒక చిన్న గోడౌన్‌లో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, స్టూలు వేసి, టీ తెప్పించాడు. కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివాడు.

"ఈ గింజల సంచులు స్టేషన్ నుంచి మోసింది నేనే గదా వాణీ," అన్నాడు. "పశువులకంట."

ఇది నిజమైన కొలతే బావా, నా మీద ఒట్టు అన్నాను.

"నిజమే అయ్యుంటాది. అయినా నమ్మల్లంటే ఒకసారి ఉడకబెట్టి చూడల్ల గదా. ఆమె చెప్పింది ఉడకబెట్టి చూసేవాన్నయితే ఆ పొద్దే చూసుండేవాన్ని." కాగితాన్ని మడతలు చెదరకుండా మడిచి నా ముందర పెట్టాడు. "అప్పుడు నేనట్లాంటోన్ని కాదు. ఇప్పుడు అయిపోయినా. ఇట్లాంటి కండ్లు పెట్టుకోని ఒక ఇంట్లో ఎట్ల బతికేది చెప్పు?"

టీ చల్లారిపోయింది. నేను కాగితం సంచిలో వేసుకుని లేచాను. అతను రోడ్డు దాకా వచ్చి ఆటో ఎక్కించాడు.

ట్రైనింగ్ ముగిసి తిరిగి వచ్చే రోజు ప్యాసింజర్ పెనుకొండలో చాలాసేపు ఆగింది. అక్కడ కూర్చునే నిర్ణయించుకున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పకూడదని. ఒక ఆశ మిగలనీ అనుకున్నాను.

నేను వచ్చేసరికి అక్క కొట్టంలో చిలపలు తిప్పుతోంది. చేతులు మోచేతుల దాకా ఎరుపు. ఏమన్నాడని అడిగింది.

"తీసుకున్యాడక్కా. ఉడకబెట్టి చూస్తానన్యాడు," అన్నాను.

ఆమె చేతిలో కర్ర ఆగింది. "చూస్తానన్యాడా," అంది. మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. "చూడల్లనుకున్యాడంటే ఇంగ రాడులే వాణీ."

ఆశ మిగల్చాలని చెప్పిన అబద్ధం కూడా, నిజం చేయాల్సిన పనే చేసింది. ఆమె అండా దించి, పక్క పొయ్యి మీది గింజల పొట్టు కషాయాన్ని అందులో ఒంపింది. కొట్టం తలుపు తెరిచే ఉంది. వీధిలో పోయేవాళ్లకు అంతా కనిపిస్తోంది, ఆమె మూసుకోలేదు. నేను సంచిని చంకలో గట్టిగా పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అతను దాన్ని తిరిగి ఇచ్చేశాడన్న ఒక్క మాట ఆమెకు నేను ఈ రోజు దాకా చెప్పలేదు. నేనూ మా ఇంటి పిల్లనే కదా, చివరిది ఆపేశాను.